పేనుకొరుకుడు ఉన్నవాళ్ల కోసం తిరుపతిలో ఒక సమావేశం ఎలా పెట్టాలి?

ముందు తేదీ చూసుకోండి. అలోపేసియా అరియేటా (మన పేనుకొరుకుడే) అవగాహనకు సెప్టెంబరు నెల. తిరుమల బ్రహ్మోత్సవాలు కూడా ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడతాయి. ఆ రోజుల్లో పెడితే పలమనేరు, పుంగనూరు నుంచి వచ్చేవాళ్లకు బస్సులో సీటే గగనం. పంచాంగం చూసి, వాటికి దూరంగా ఒక ఆదివారం ఉదయం ఖాయం చేయండి.

హాలు చిన్నదైనా చాలు. వేదిక, శాలువాలు వద్దు, కుర్చీలు గుండ్రంగా వేయండి. పిలుపు కాగితంలో ఒక ముక్క తప్పకుండా రాయండి: ఇది పేను వల్ల రాదు, అంటుకోదు, మన రోగనిరోధక శక్తే వెంట్రుకల కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది.

తిరుపతిలో గుండును ఎవరూ వింతగా చూడరు. రూపాయి బిళ్లంత మచ్చలు, కనుబొమలు లేని ముఖం కనిపిస్తేనే ఆరాలు మొదలవుతాయి. అందుకే స్కార్ఫు తీయమని ఎవరినీ అడగొద్దు, ఫోటోలు తీయొద్దు. ప్రశ్నలు పేరు లేకుండా చీటీల మీద రాయించండి.

రుయా లేదా స్విమ్స్ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి ముందుగానే లేఖ రాసి, ఒక డాక్టరును పంపమని అడగండి. నూనెలవాళ్లు, హెయిర్ క్లినిక్‌లవాళ్లు ఖర్చు మేం పెట్టుకుంటామంటే మర్యాదగా వద్దనండి.

ఇక అసలు పని. వాడుతున్న మందులు, నూనెలు, డాక్టరు రాసిన మందుల చీటీలు అన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మనండి. సగం సమయం దీనికే ఇవ్వండి. గురివింద గింజ నూరి పూసేవాళ్లు కచ్చితంగా ఉంటారు. అందులోని అబ్రిన్ ఘోరమైన విషం, నూరిన ముద్ద పిల్లల నోట్లో పడితే ప్రాణాలకే ముప్పు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. పచ్చి వెల్లుల్లి కడితే బొబ్బలెక్కుతాయి. "మా అత్తకు తగ్గింది కదా" అంటారు. చిన్న మచ్చలు చాలామందికి వాటంతటవే పూడతాయి, పేరు మాత్రం పసరుకొస్తుంది!

ఈ జబ్బుకు వేసే స్టెరాయిడ్ ఇంజెక్షను చర్మ వైద్యుల చేతే వేయించుకోవాలి. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు.

జాక్ ఇన్హిబిటర్ల (రోగనిరోధక శక్తి చేసే ఆ దాడిని తగ్గించే మందులు) గురించి డాక్టరుతో విడిగా చెప్పించండి. తీవ్రంగా ఉన్న పెద్దవాళ్లకు బారిసిటినిబ్‌ను 2022లో, 12 ఏళ్లు నిండినవాళ్లకు రిట్లెసిటినిబ్‌ను 2023లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. తీవ్ర ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం వంటి హెచ్చరికలు వీటి మీద ఉన్నాయి. మొదలుపెట్టే ముందు టీబీ, హెపటైటిస్, రక్త పరీక్షలు చేయించాలి. టీబీ మన దగ్గర అరుదేం కాదు గనుక ఈ మాట రెండుసార్లు చెప్పించండి. గర్భం ఆలోచన ఉంటే, టీకా వేయించుకోవాలంటే ముందే అడగాలి. మందు ఆపితే జుట్టు మళ్లీ రాలొచ్చనీ చెప్పాలి.

వెళ్లేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో చిన్న కార్డు పెట్టండి. ఒకవైపు వాడే మందుల పేర్లు రాసుకోవడానికి ఖాళీ. రెండోవైపు జాక్ ఇన్హిబిటర్లు వాడేటప్పుడు ఆలస్యం చేయకూడని లక్షణాలు: తగ్గని జ్వరం, వదలని దగ్గు, ఒక కాలు వాయడం, ఛాతీనొప్పి, ఆయాసం.