గురి పాఠాలు, 4వ భాగం: ఆరుబయట ఎక్కడ కాల్చాలి?

గత మూడు భాగాల్లో నిలబడే తీరు, ఊపిరి, ట్రిగ్గర్ నొక్కడం చూశాం. ఇంట్లో ఖాళీ తుపాకీతో సాధన చేసినవాళ్లకి ఈపాటికి బయటికెళ్లి నిజంగా కాల్చి చూడాలని చెయ్యి లాగుతూ ఉంటుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది తొందరపడతారు. "అటువైపు ఎవరూ రారులే" అనుకుని ఏదో ఒక ఖాళీ స్థలానికి వెళ్లిపోతారు. ఖాళీగా కనిపించినంత మాత్రాన అక్కడ కాల్చే హక్కు మనకు రాదు, ప్రమాదం లేదనీ కాదు. అందుకే ఈ భాగం మొత్తం చోటు గురించే.

మొదట చట్టం సంగతి. లైసెన్స్ చేతిలో ఉంటే ఎక్కడైనా కాల్చొచ్చనుకోవడం పెద్ద పొరపాటు. తుపాకీ ఉంచుకునే అనుమతి వేరు, ఫలానా చోట కాల్చే అనుమతి వేరు. ఇళ్లకి, రోడ్లకి ఇంత దూరం ఉండాలని, రోడ్డుకు అడ్డంగా కాల్చకూడదని, ఎండాకాలంలో మంటల భయం వల్ల కొన్ని నెలలు అసలు కాల్చకూడదని, ఇలా చోటుని బట్టి నియమాలు మారుతుంటాయి. ఎయిర్ రైఫిల్ కదా, దానికేం అడుగుతారు అనుకోకండి, కొన్ని దేశాల్లో దానికీ లైసెన్స్ కావాలి. మీ లైసెన్స్ ఇచ్చిన ఆఫీసులోనో, స్థానిక పోలీసు స్టేషన్‌లోనో ముందే కనుక్కోండి.

నన్నడిగితే కొత్తవాళ్లకి గుర్తింపు ఉన్న షూటింగ్ రేంజే సరైన చోటు. దూరమైనా సరే. అక్కడ బుల్లెట్లని ఆపే మట్టి కట్టలు కట్టి ఉంటాయి, చూసుకునే అధికారి ఉంటాడు, "ఆపండి" అనగానే అందరూ ఆపుతారు. రేంజ్ అందుబాటులో లేక సొంత భూమిలోనో, తెలిసినవాళ్ల భూమిలోనో కాల్చాలంటే, అక్కడ చట్టం ఒప్పుకుంటుందని తేలాక యజమాని దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి. ఏ రోజు, ఏ వేళ, ఏ వైపుకి అన్నది అందులో రాయించుకుంటే తర్వాత గొడవ ఉండదు. పక్క భూమివాళ్లకి కూడా ఒక మాట చెప్పి ఉంచండి, చప్పుడు విని కంగారుపడేది వాళ్లే.

ఇప్పుడు అసలు విషయం. చోటు చూసేటప్పుడు టార్గెట్ ఎక్కడ పెట్టాలా అని కాదు, తప్పిపోయిన బుల్లెట్ ఎక్కడ ఆగుతుందా అని చూడాలి. చిన్నదనుకునే .22 బుల్లెట్ (అంగుళంలో 0.22 వంతు వ్యాసం ఉన్నది) కూడా అడ్డు లేకపోతే ఒకటిన్నర కిలోమీటరు దాకా పోగలదు. పెద్ద రైఫిల్ బుల్లెట్ అయితే మూడు నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. చెట్లు, పొదలు, రేకు గోడ ఇవేవీ అడ్డు కిందకి రావు. గుట్ట అంచు మీద ఆకాశం వెనకాల కనిపించేలా టార్గెట్ ఎప్పుడూ పెట్టకూడదు. నీళ్ల మీదకి కాల్చకూడదు, తక్కువ కోణంలో తగిలిన బుల్లెట్ చెరువులో వేసిన పెంకులా ఎగిరి వెళ్లిపోతుంది. బండరాయి, గట్టి నేల కూడా అంతే.

కావలసింది మెత్తటి మట్టి కట్ట, నిటారుగా, మందంగా. దగ్గరికెళ్లి ఇనుప ఊచతో పొడిచి చూడండి. ఊచ టక్కున ఆగితే లోపల రాళ్లున్నట్టే. ఆ రాళ్లైనా తీసేయాలి, కట్టైనా వదిలేయాలి.

ఎత్తు సరిపోతుందో లేదో చిన్న లెక్కతో తేలుతుంది. తుపాకీ మొన ఒక్క డిగ్రీ పైకి లేస్తే 50 మీటర్ల దగ్గర బుల్లెట్ దాదాపు 87 సెంటీమీటర్లు పైకి పోతుంది. కట్ట ఎత్తు రెండున్నర మీటర్లు, టార్గెట్ మధ్యభాగం నేల నుంచి ఒక మీటరు ఎత్తులో ఉందనుకుందాం. పైన మిగిలింది మీటరున్నర. అంటే 50 మీటర్ల నుంచి కాలిస్తే ఒకటిముప్పావు డిగ్రీ కూడా తప్పడానికి లేదు. కొత్తవాళ్ల చేతికి అది ఏమూలకీ చాలదు. అదే 25 మీటర్లకి జరిగితే ఆ వెసులుబాటు రెట్టింపవుతుంది. అప్పుడు కూడా కట్ట వెనకాల మనుషులు తిరిగే చోటు ఉండకూడదు. కాబట్టి మొదట్లో దగ్గర నుంచే కాల్చండి, టార్గెట్‌ని కట్టకి ఒకటి రెండు మీటర్ల దగ్గర్లో పెట్టండి, ఎత్తుగా కాకుండా కిందకే ఉంచండి. దూరం నుంచి కాల్చాలన్న సరదా తర్వాత తీర్చుకోవచ్చు.

ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, కాల్చే చోటు నుంచి కట్ట మీదుగా మీ బుల్లెట్ పోగలిగినంత దూరం గీత గీసి చూడండి. ఇళ్లు, బడి, కాలిబాట ఏది తగిలినా ఆ దిక్కు వదిలేయండి. తర్వాత కాలినడకన కట్ట వెనక్కి వెళ్లి చూడండి, చిత్రంలో కనపడని పశువుల బాట అక్కడ కనపడుతుంది. సూర్యుడు వీలైనంతవరకు మీ వీపు వైపు ఉండాలి, ఎదురెండలో గురి కుదరదు, కట్ట వెనక ఎవరైనా కదిలినా కనపడరు.

ఇంకొన్ని చిన్న విషయాలు. తుపాకీ చప్పుడు సాధారణంగా 140 డెసిబెల్స్ దాటుతుంది, చెవులకీ కళ్లకీ రక్షణ లేకుండా ఒక్క రౌండ్ కూడా వద్దు. ఎండుగడ్డి ఉన్న చోట లోపల ఉక్కు ఉన్న బుల్లెట్లు నిప్పురవ్వలు లేపుతాయి, నీళ్ల బకెట్ దగ్గర పెట్టుకోండి, గాలి ఎక్కువగా ఉన్న రోజు మానేయండి. గాజు సీసాలు టార్గెట్లుగా వాడితే ఆ ముక్కలు ఏళ్లతరబడి కాళ్లకి గుచ్చుకుంటాయి. బుల్లెట్లలో ఉండే సీసం అనే లోహం ఒంటికి మంచిది కాదు, కాల్చాక చేతులు చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కున్నాకే ఏదైనా తినండి. ఖాళీ తూటాలు, చిరిగిన కాగితాలు అన్నీ ఏరి వెంట తెచ్చేయండి. షూటర్లు చెత్త వదిలి వెళ్లారని యజమాని ఒక్కసారి విసుక్కుంటే ఆ చోటు అందరికీ పోతుంది.

వచ్చే భాగం లోపు ఒక పని చేయండి. మీరు అనుకున్న చోటికి తుపాకీ లేకుండా, సెలవు రోజున, జనం బాగా తిరిగే వేళకి వెళ్లి ఓ రెండు గంటలు కూర్చోండి. ఎవరు ఎటు నుంచి వస్తున్నారు, పిల్లలు ఎక్కడ ఆడుతున్నారు, పశువులు ఎటు మళ్లుతున్నాయి అన్నీ కాగితం మీద చిన్న మ్యాప్‌లా గీసుకోండి. 5వ భాగంలో ఎర్రజెండా ఎక్కడ పాతాలో, ఇద్దరు ముగ్గురు కలిసి కాల్చేటప్పుడు ఎవరు ఏమని కేక వేయాలో ఆ మ్యాప్ మీదే గుర్తులు పెట్టుకుంటూ నేర్చుకుందాం.