కెండోకు కొత్తవారా? కవచం తర్వాత కొనొచ్చు

విశాఖలో కెండో, అంటే జపాన్ కత్తి విద్య, నేర్చుకోవాలని క్లబ్బులో చేరేవారికి ఒక మాట. కవచం జోలికి ఇప్పుడే వెళ్లకండి. మొదట్లో అడుగులు వేయడం, గాలిలో దెబ్బలు కొట్టడంతోనే సరిపోతుంది. వదులైన ప్యాంటు, టీషర్టు, ఒక షినాయ్ (సాధనకు వాడే వెదురు కత్తి) చాలు. పెద్దవాళ్లకు 39 సైజు షినాయ్ తీసుకోండి. పోటీ నిబంధనల ప్రకారం దాని పొడవు 120 సెంటీమీటర్లు మించకూడదు.

షినాయ్ అంటే నాలుగు వెదురు బద్దల కట్ట. సాధనకు ముందు బద్దల అంచులను పాత నూలుగుడ్డతో తడమండి. పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పెచ్చు లేచినట్టే. అది ఎదుటివారి ముఖకవచం ఊచల సందులోంచి కంట్లోకి దూసుకుపోగలదు, కనుక ఇందులో బద్ధకం పనికిరాదు. చిన్న పెచ్చయితే గరుకు కాగితంతో రుద్దండి. చీలిక వస్తే బద్ద మార్చాల్సిందే.

అడుగుల సాధనకు ఆర్కే బీచ్ ఇసుక ఊరిస్తుంది గానీ, వద్దు. పాదం నేలను రాసుకుంటూ జారాలి, ఎడమ మడమ కొద్దిగా లేచి ఉండాలి. ఇసుకలో పాదం జారదు, కూరుకుపోతుంది. ఇంట్లో నున్నటి గచ్చే మేలు. ఇక పట్టు బలమంతా ఎడమ చేతిదే, కుడి చేయి దారి చూపడానికే. కుడిచేతివాటం వాళ్లను ఎక్కువగా సతాయించేది ఇదే.