ముందు వరస, తర్వాత కోడ్

ఛందస్సులో గణాలన్నిటినీ వరసగా రాసే పట్టికని ప్రస్తారం అంటారు. మూడక్షరాల గణాల ప్రస్తారంలో జగణం ఎన్నోది? మ, య, ర, స, త, జ అని వేళ్ల మీద లెక్కపెడితే ఆరోది. ఈ లెక్కలకి మేం కోడ్ రాస్తున్నాం. అందులో గణమిస్తే నంబరు చెప్పే మా చిత్తూరు శిష్యుడి ఫంక్షన్ మాత్రం ఐదు అంది. "ఆరు ఇస్తాను, గణం చెప్పు" అని నేను రాసిన ఫంక్షన్‌ని అడిగితే జగణమే అంది. ఎవరి టెస్టులు వాళ్లకి పాసయ్యాయి. రెండూ కలిపితే అంతా తేడా. అతను సున్నా నుంచి లెక్కపెట్టాడు, నేను ఒకటి నుంచి. ఆ ఆదివారమంతా దానికే పోయింది.

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకి లెక్కలు చెబుతాను. బాలాజీ కాలనీలో మా మేడమీద గదిలో ముగ్గురం కూర్చుంటాం. మా శిష్యుడు పైతాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ బాగా రాస్తాడు, పొద్దున్నే చిత్తూరులో బస్సెక్కి వస్తాడు. మూడోవారు ఎదురింటి అయ్యవారు, రిటైరైన తెలుగు పండితులు. ఆయన కీబోర్డు ముట్టరు గానీ మా తప్పుల్లో సగం ఆయనే పట్టారు. సేజ్‌మ్యాత్‌కి కాంబినటోరిక్స్ (ఏవి ఎన్ని రకాలుగా అమరుతాయో లెక్కపెట్టే గణితం) కోడ్ రాసి పంపాలనుకునేవాళ్లకి మా అనుభవం పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

సేజ్‌మ్యాత్ అంటే 2005లో విలియం స్టైన్ మొదలుపెట్టిన ఉచిత గణిత సాఫ్ట్‌వేర్. సోర్స్, అంటే దాని కోడ్ అంతా బయటే ఉంటుంది, ఎవరైనా మార్పులు పంపొచ్చు. అందులో కాంబినటోరిక్స్ భాగం బలమైనది. 2000లో మ్యూప్యాడ్ అనే వేరే సాఫ్ట్‌వేర్ మీద కొందరు మొదలుపెట్టిన పని 2008లో ఇటు మారింది. 2023 నుంచి డెవలప్‌మెంట్ అంతా కోడ్ పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లోనే.

ముందు సోర్స్ తెచ్చుకుని మీ మెషీన్ మీద బిల్డ్ చేసుకోండి, అంటే దాన్నుంచి నడిచే ప్రోగ్రాం తయారుచేసుకోండి. మా పాత ల్యాప్‌టాప్‌కి ఒక పూట పట్టింది. రాత్రి పడుకునే ముందు పెట్టేయడం మేలు, చార్జర్ తీయకండి. మధ్యలో కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోతే పొద్దున్నే ఏడుపొస్తుంది.

తర్వాత చిన్న పని ఎంచుకోండి. కొత్తవాళ్లు వెళ్లీ వెళ్లగానే వెయ్యి లైన్లు పంపుతారు, అది చదివే ఓపిక ఎవరికీ ఉండదు. మేం మొదట పంపింది ఒక ఫంక్షన్ వివరణలో రెండు ఉదాహరణలు, అంతే. దాంతోనే బ్రాంచ్ (మన మార్పులకి కోడ్ విడి కాపీ) తీయడం, మార్పు పంపడం, రివ్యూకి జవాబివ్వడం చేతికి అలవాటయ్యాయి. ఛందస్సు కోడ్ మాత్రం మా సొంత రెపోలోనే (కోడ్ దాచుకునే చోటు), అదే పద్ధతిలో రాస్తున్నాం. పెద్దది ఏదైనా సేజ్‌లో పెట్టాలనుకుంటే, రాయకముందే గిట్‌హబ్‌లో ఇష్యూ (చర్చకి పెట్టే పోస్టు) తెరిచి "ఇది ఇక్కడ ఉండదగ్గదేనా" అని అడగండి. రాశాక అడిగితే మనసు కష్టపడుతుంది.

ఇక అసలు విషయం. కాంబినటోరిక్స్ కోడ్ అంటే ఒక సమితిలో ఉన్నవన్నీ వరసగా ఇవ్వడం, ఎన్నున్నాయో చెప్పడం, నంబరిస్తే వస్తువు చెప్పడం, వస్తువిస్తే నంబరు చెప్పడం. సేజ్‌లో చివరి రెండింటినీ అన్‌ర్యాంక్, ర్యాంక్ అంటారు. ఇది చెప్పగానే అయ్యవారు నవ్వారు. "మేం నష్టం, ఉద్దిష్టం అంటాం నాయనా, ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడి నాటివి" అన్నారు. నష్టం, అంటే నంబరిస్తే గణం చెప్పే పద్ధతి, కాగితం మీద వేసి చూపించారు. నంబరు సరిసంఖ్య అయితే లఘువు రాసి సగం చెయ్యి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చెయ్యి. ఆరు సరి, కాబట్టి లఘువు, సగం మూడు. మూడు బేసి, గురువు, ఒకటి కలిపి సగం చేస్తే రెండు. రెండు సరి, లఘువు. లగల, అంటే జగణం. ఇది కోడ్‌లో అయిదు లైన్లు.

అందుకే కోడ్ కన్నా ముందు కాగితం మీద రెండు ముక్కలు రాసుకోండి: ఏ వరసలో ఇస్తాం, లెక్క ఎక్కడ మొదలవుతుంది. సేజ్‌లో అన్‌ర్యాంక్ సున్నా నుంచే, కాబట్టి మేమూ అదే పెట్టుకున్నాం. అయ్యవారి ఆరుని లోపల అయిదు చేశాం, ఆ సంగతి వివరణలో రాశాం. ర్యాంక్ ఒకరు, అన్‌ర్యాంక్ మరొకరు రాస్తే, ఇద్దరిదీ కాని మూడో టెస్టు ఒకటి పెట్టండి: ప్రతి నంబరుకీ వస్తువు తీసి, ఆ వస్తువుకి మళ్లీ నంబరు అడిగితే అదే రావాలి. మా గొడవ ఈ ఒక్క లైనుతో దొరికేది.

టెస్టులు విడిగా దాచుకునేవి కావు. సేజ్‌లో ప్రతి ఫంక్షన్ వివరణలోనూ ఉదాహరణ, దాని కింద రావాల్సిన జవాబు రాయాలి. మెషీన్ వాటిని నడిపి జవాబు సరిపోయిందో లేదో చూస్తుంది. దీన్నే డాక్‌టెస్ట్ అంటారు. చేత్తో లెక్కపెట్టగలిగే ఉదాహరణే పెట్టండి. కందపద్యం గణాలు మాకు బాగా పనికొచ్చాయి: గగ, భ, జ, స, నల. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు; నాలుగు మాత్రల్ని లఘుగురువులతో నింపే పద్ధతులు సరిగ్గా ఆ అయిదే. అయిదు మాత్రలైతే ఎనిమిది.

ఇంకో సౌకర్యం ఉంది. సేజ్‌లో మీ సమితిని పరిమితమైనదిగా ప్రకటించి, వస్తువుల్ని ఒక్కొక్కటిగా ఇచ్చే ఇటరేటర్ రాస్తే చాలు, లెక్క, ర్యాంక్, అన్‌ర్యాంక్ వాటంతటవే వస్తాయి. అయితే అవి మొదటి నుంచీ నడుచుకుంటూ వెళ్లి చెబుతాయి. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. సూర్యగణాలు 2 (న, గల), ఇంద్రగణాలు 6 (నల, నగ, సల, భ, ర, త), కాబట్టి పాదానికి 288 రకాలు. ఇంతవరకూ క్షణంలో వచ్చేసింది. మా శిష్యుడు ఉత్సాహంగా నాలుగు పాదాల పద్యానికి ఎన్ని అని కొట్టి టీకి వెళ్లాడు. తిరిగొచ్చాక కూడా ల్యాప్‌టాప్ ఫ్యాన్ గిర్రున తిరుగుతూనే ఉంది. నాలుగు 288లని ఒకదానితో ఒకటి గుణిస్తే 687 కోట్ల పైచిలుకు, అది ఒక్కొక్కటే లెక్కపెడుతోంది! లెక్కకి సూత్రం ఉంటే ఆ ఫంక్షన్ మీరే రాయండి. చిన్న కేసులో మాత్రం సూత్రం జవాబునీ ఇటరేటర్ జవాబునీ పోల్చే టెస్టు ఉంచండి.

అప్పుడే అయ్యవారు అడిగారు, "రెండు వేరే గణాల వరసలు కలిసి ఒకే లఘుగురువుల వరస అయితే రెండుసార్లు లెక్కించినట్టు కాదా?" మాకు తట్టనే లేదు. కూర్చుని చూస్తే ఆరు ఇంద్రగణాల్లో ఏదీ ఇంకోదాని మొదటి భాగం కాదు, సూర్యగణాలు రెండూ అంతే. ఎడమనుంచి చదివితే విరుపు ఒకేలా వస్తుంది, కాబట్టి 288 సరే. ఆ కారణాన్ని రెండు వాక్యాల్లో వివరణలో పెట్టాం.

రివ్యూ అంటే ఇదే. గిట్‌హబ్‌లో రివ్యూ కావాలనే లేబుల్ పెట్టాక, ఇంకొకరు చదివి సరే అంటేనే మార్పు లోపలికి వెళ్తుంది. మన కోడ్‌కి మనమే సరే అనుకోవడం కుదరదు. "ఇది ఎందుకు?" అని వాళ్లడిగితే కామెంటులో వాదించకండి, ఆ జవాబు కోడ్ వివరణలోకే చేర్చండి, రేపు చదివేవాడికీ అదే అనుమానం వస్తుంది. వారం దాకా ఎవరూ పలకకపోతే టెన్షన్ పడొద్దు, ఒకసారి మర్యాదగా గుర్తుచేస్తే చాలు. ఈలోగా మెయిన్ కోడ్ మారిపోయి మీ బ్రాంచ్‌తో గొడవపడితే, దాన్ని తెచ్చి కలుపుకుని టెస్టులన్నీ మళ్లీ నడపండి. మేం ఈ పని మా శిష్యుడు సాయంత్రం బస్సుకి బయల్దేరకముందే ముగిస్తాం. లేకపోతే ఫోన్లో అతనికి ఎర్రర్లు చదివి వినిపించాల్సి వస్తుంది.