నీళ్ళు చిమ్ముతున్నాయి సరే, హెడ్ చల్లబడుతోందా? పాత చిన్న ఔట్‌బోర్డ్ కూలింగ్ పరీక్ష

చెన్నై దగ్గరి ఎన్నూరు వాగులోనూ పులికాట్ సరస్సులోనూ తిప్పే చిన్న ఫైబర్ బోట్లకి వెనక బిగించే 8, 9.9 హార్స్‌పవర్ పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజన్లుంటే, కూలింగ్ సంగతి చాలామంది ఒక్క చూపుతో తేల్చేస్తారు: వెనక రంధ్రంలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయా లేదా. ఆ ధార చెప్పేది పంపు నీళ్ళు తోడుతోందని మాత్రమే. చాలా పాత మోడళ్ళలో అది థర్మోస్టాట్‌కి (వేడెక్కితే తెరుచుకుని నీళ్ళని వదిలే కవాటం) ముందే చీలి బయటికొచ్చేస్తుంది. పైన హెడ్‌లో (సిలిండర్ల మూత) నీటి దారులు ఉప్పుతో పూడిపోయినా కింద ధార జోరుగానే ఉంటుంది. అందుకే పంపు, నీటి దారులు, థర్మోస్టాట్ మూడింటినీ విడివిడిగా చూడాలి.

ఒడ్డున పరీక్షకి 200 లీటర్ల డ్రమ్ము చాలు. ప్రొపెల్లర్ విప్పేసి, దాని పైనుండే చదును రేకు కంటే బెత్తెడు ఎత్తుకి నీళ్ళు నింపండి. ఇంజను న్యూట్రల్‌లోనే ఉండాలి. నీళ్ళు లేకుండా "ఒక్కసారి స్టార్టవుతుందేమో చూద్దాం" అని తాడు లాగొద్దు. పంపులో తిరుగుతూ నీళ్ళు తోడే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలకి నీళ్ళే కందెన, పొడిగా కొన్ని సెకన్లు తిరిగినా అంచులు మాడతాయి. డ్రమ్ములో మెట్రో వాటరే (చెన్నై కుళాయి నీళ్ళు) పొయ్యండి. మీంజూరు వైపు బోరు నీళ్ళలోకి సముద్రపు ఉప్పు చేరింది, వాటితో కడిగితే కడిగినట్టే కాదు.

స్టార్టయిన నిమిషంలోపు ధార రావాలి. రాకపోతే ఇంజను ఆపి, ముందుగా ధార వచ్చే రంధ్రంలో గట్టి నైలాన్ వల తాడు పెట్టి కదపండి. అక్కడ ఉప్పు గడ్డకట్టడం, పురుగులు మట్టిగూడు కట్టడం మామూలే. తర్వాత కింద నీళ్ళు లాగే జల్లెడ చూడండి, ప్లాస్టిక్ కవరు ముక్క అతుక్కుని ఉండొచ్చు.

ధార బాగుంటే పది నిమిషాలు నడిపి హెడ్ వేడి కొలవండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మెరిసే అల్యూమినియం మీద తక్కువ చూపిస్తుంది, కాబట్టి స్పార్క్ ప్లగ్ పక్కన నల్ల మార్కర్‌తో చుక్క పెట్టి అక్కడ గురిచూడండి. 50 నుంచి 70 డిగ్రీలు బాగున్నట్టే. 90 దాటితే వెంటనే ఆపాలి. పరికరం లేకపోతే హెడ్ మీద నీటి చుక్క వెయ్యండి: చుయ్యిమంటే వేడి వంద దాటింది. రెండు సిలిండర్ల ఇంజనులో ఒకటే బాగా వేడెక్కుతుంటే ఆ వైపు దారి పూడిందని అనుమానించాలి.

ఇంపెల్లర్ చూడాలంటే ప్లగ్ క్యాప్ తీసేసి, గేరు రాడ్ విడదీసి, కింది గేర్ కేసు బోల్టులు విప్పి దించాలి. రెక్కలు బయటికి తీసినా వంగే ఉంటే, వాటి మొదళ్ళ దగ్గర పగుళ్ళుంటే మార్చెయ్యండి. రెక్క ముక్క ఊడిపోయి ఉంటే అది పైగొట్టంలో ఎక్కడో ఇరుక్కుంది, వెతికి తీయకుండా మూయొద్దు. పులికాట్ లోతు తక్కువ, ఇసుక పంపులోకి వస్తుంది. పంపు కింది స్టీలు ప్లేటు మీద గోరు గీస్తే గాట్లు తగిలితే ప్లేటూ మార్చాలి. కొత్తది ఎక్కించేటప్పుడు రెక్కలకి సబ్బునీళ్ళు రాసి, ఇంపెల్లర్‌ని తిప్పే షాఫ్టుని పైనుంచి చూస్తే గడియారం తిరిగే వైపు తిప్పుతూ కూర్చోపెట్టండి. షాఫ్టుకీ ఇంపెల్లర్‌కీ మధ్య పట్టు ఇచ్చే చిన్న లోహపు కీ జారిపోకుండా చూసుకోండి, అది లేకపోతే షాఫ్టు తిరుగుతుంది, ఇంపెల్లర్ తిరగదు. బిగించేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు, నీటి గొట్టం తన రబ్బరు సీలులో కూర్చోకపోవడం. అప్పుడు కొత్త ఇంపెల్లర్ వేసినా నీళ్ళు ఇంజను కాలులోపలే (నీళ్ళలోకి దిగే కింది భాగం) కారిపోతాయి. షాఫ్టు పళ్ళకి గ్రీజు పూయండి, పైకొనకి మాత్రం వద్దు.

థర్మోస్టాట్‌ని దారానికి కట్టి, గిన్నె అడుగుకి తగలకుండా నీళ్ళలో వేలాడదీసి వేడిచెయ్యండి. దాని మీద అచ్చయిన డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. "మన సముద్రం వేడిగానే ఉంటుంది, ఇదెందుకు" అని దాన్ని తీసి పారెయ్యడం తప్పు. ఇంజను చల్లగా నడిచి ప్లగ్గులు నూనెతో తడుస్తాయి.

నీటి దారుల మూత బోల్టులు ఉప్పుకి పట్టేసి ఉంటాయి. నూనె వేసి రాత్రంతా ఉంచి, ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదపండి. లోపలి తెల్లటి గట్టి పొరని చెక్కపుల్లతో గీకి, వెనిగర్‌లో కొన్ని గంటలు నానబెట్టి బాగా కడగండి. బాత్రూం యాసిడ్ ముట్టుకోవద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది. మూత కొత్త గాస్కెట్‌తోనే వెయ్యండి.

చివరి పరీక్ష నీళ్ళ మీదే. పది నిమిషాలు ఫుల్ థ్రాటిల్‌లో నడిపి హెడ్ మళ్ళీ కొలవండి. నెమ్మదిగా ఉన్నప్పుడే వేడెక్కి వేగంలో చల్లబడితే ఇంపెల్లర్ అరిగింది. వేగంలో మాత్రమే వేడెక్కితే జల్లెడో దారులో ఇంకా మూసుకుని ఉన్నాయి. ధార జోరుగా ఉండి ఎప్పుడూ వేడిగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయిందేమో ముందు చూడండి.