ఈరీ పట్టు ఇంట్లో వడకడం ఎలా

రోజూ సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటుతుంటాం కానీ పట్టు ఎలా వస్తుందో బెంగళూరులో మనవాళ్ళు చాలామందికి తెలీదు. మామూలు మల్బరీ పట్టుకి పురుగుని గూట్లోనే చంపేస్తారు. ఈరీ అనే ఇంకోరకం పట్టుపురుగు గూడుకి ఒక కొన తెరిచే ఉంటుంది, పురుగు రెక్కలొచ్చి సీతాకోకచిలుకలా బయటికొచ్చాక మిగిలిన ఖాళీ గూడుని దూదిలా వడుక్కోవచ్చు. మేఘాలయ, అస్సాం కొండల్లో ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తున్న పని ఇది. పురుగుల మేత మన ఆముదం ఆకే!

కొనేముందు ఒకటి అడగండి, పురుగు రెక్కలొచ్చి బయటికొచ్చిన గూళ్ళేనా అని, ఎందుకంటే ఆ కొండల్లో చాలా ఇళ్ళల్లో గూట్లోని పురుగుని వండుకుని తింటారు, కాబట్టి ఈరీ అన్నంత మాత్రాన హింస లేనట్టు కాదు.

గూళ్ళని పల్చటి గుడ్డలో మూటకట్టి, కాస్త బట్టల సోడా వేసిన నీళ్ళల్లో గంటసేపు ఉడకబెట్టండి. వేళ్ళతో లాగితే పీచు మెత్తగా విడిపోవాలి, రాకపోతే ఇంకాసేపు ఉంచండి, ఇక్కడ తొందరపడితే తర్వాత దారం అంతా ఉండలే. జిగురు పోయేదాకా కడిగి, ఒక్కో గూడుని వేళ్ళకి టోపీలా తొడిగి చిన్న అప్పడంలా సాగదీసి ఆరబెట్టండి.

వడికేటప్పుడు కొంచెం తడి చేసుకోండి. కుడిచేత్తో తకిలి (దారం వడికే చిన్న కదురు) తిప్పుతూ ఎడమచేత్తో పీచు సన్నగా వదలాలి. మొదటి వారం దారం తెగుతూనే ఉంటుంది, పర్లేదు, చివర్లు కలిపి తిప్పితే అతుక్కుంటుంది.

నేతకి చిన్న ఫ్రేమ్ మగ్గం చాలు. పడుగుకి (నిలువు దారాలకి) రెండు పోగులు కలిపి పురి పెట్టండి, పేకకి (అడ్డ దారాలకి) ఒంటి పోగు సరిపోతుంది.