రోయింగ్ మెషిన్, ఒక్క కెటిల్‌బెల్: ఒంటిచేత్తో అరగంట వర్కౌట్

చాలా జిమ్ముల్లో ట్రెడ్‌మిల్ కోసం క్యూ ఉంటుంది, కూర్చుని తెడ్డు వేసినట్టు హ్యాండిల్ లాగే రోయింగ్ మెషిన్ మాత్రం ఓ మూల ఖాళీగా పడి ఉంటుంది. దాని పక్కన ఒక్క కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న ఇనుప గుండు) తెచ్చి పెట్టుకోండి చాలు, కాళ్ళ నుంచి భుజం దాకా ఏదీ తప్పించుకోలేని వర్కౌట్ అవుతుంది. ఇది తేలిక కాదు. కొన్ని నెలలుగా వ్యాయామం అలవాటున్నవాళ్ళు, రెండు చేతుల స్వింగ్ (బెల్‌ని కాళ్ళ మధ్య నుంచి ఛాతీ ఎత్తుకి ఊపడం) శుభ్రంగా వచ్చినవాళ్ళు మాత్రమే చేయాలి. బీపీ, గుండె సమస్య, డిస్క్ నొప్పి ఉంటే డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి రావద్దు.

ముందు చేయాల్సింది చెప్పేస్తా. 500 మీటర్లు రోయింగ్. దిగి బెల్ అందుకుని ఎడమ చేత్తో 10 స్వింగ్‌లు, 5 క్లీన్ అండ్ ప్రెస్‌లు (బెల్‌ని భుజం దగ్గరికి తేవడం క్లీన్, అక్కడి నుంచి తల మీదికి తోయడం ప్రెస్), ఆ తర్వాత బెల్ ఛాతీ దగ్గరే ఉంచి అడుగు వెనక్కి వేస్తూ 5 లంజ్‌లు. చేయి మార్చి కుడి చేత్తో అవే. ఇది ఒక రౌండ్. రెండు నిమిషాలు రెస్ట్ తీసుకుని మళ్ళీ, మొత్తం 5 రౌండ్లు. ఒక్కో రౌండ్‌కి నాలుగైదు నిమిషాలు పడుతుంది కాబట్టి వార్మప్ కాకుండా దాదాపు అరగంట. ఎడమ చేయి ముందు ఎందుకంటే మనలో ఎక్కువమందికి అది బలహీనం, ఓపిక ఉన్నప్పుడే దాని పని అయిపోవాలి. మీది ఎడమచేతి వాటమైతే కుడితో మొదలుపెట్టండి.

ఈ వర్కౌట్‌లో చాలామంది దెబ్బతినేది మొదటి 500 మీటర్లలోనే. ఒంట్లో ఓపిక ఉంది కదా అని ప్రాణం పెట్టి లాగేస్తారు, రెండో రౌండ్‌కి ఊపిరి అందదు, అది పర్లేదు, అసలు సమస్య ఏంటంటే రోయింగ్‌కీ స్వింగ్‌కీ వాడేది ఒకే నడుము, ఒకే పిడికిలి. రోయింగ్‌లో వాటిని పిండేసి వచ్చి బెల్ ఊపితే వీపు గుండ్రంగా వంగిపోతుంది, నడుం పట్టేసేది అప్పుడే. అందుకని మీరు ఒక్కసారికి గట్టిగా లాగితే 500 మీటర్లు 1:50లో వస్తాయనుకుంటే ఇక్కడ 2:05, 2:10 దగ్గర ఉండండి. ఐదో రౌండ్ రోయింగ్ టైం మొదటిదానికి ఐదు సెకన్లకు మించి తేడా రాకూడదు. టైంలు ఒక కాగితం మీద రాసుకోండి, మీ వేగం సరైనదో కాదో ఆ ఐదు అంకెలే చెప్పేస్తాయి.

మెషిన్ పక్కన 1 నుంచి 10 దాకా అంకెలున్న మీట ఉంటుంది, దాన్ని డ్యాంపర్ అంటారు. 10లో పెడితే ఎక్కువ వ్యాయామం అనుకుని అక్కడే వదిలేస్తారు. నిజానికి అది ఫ్లైవీల్‌లోకి, అంటే మనం లాగితే తిరిగే చక్రంలోకి, గాలి ఎంత వెళ్ళాలో నిర్ణయిస్తుంది, అంతే. గాలి ఎక్కువైతే చక్రం త్వరగా నెమ్మదిస్తుంది, ప్రతి స్ట్రోక్‌కీ దాన్ని మళ్ళీ మొదటి నుంచి తిప్పినట్టు ఉంటుంది, ఆ భారమంతా నడుం మీదే. 3 నుంచి 5 మధ్య పెట్టుకోండి. కాన్సెప్ట్2 కంపెనీ మెషిన్ అయితే మానిటర్‌లో డ్రాగ్ ఫ్యాక్టర్ (గాలి చక్రాన్ని ఎంత ఆపుతోందో చెప్పే అంకె) కనిపిస్తుంది, 110 నుంచి 130 మధ్య ఉంటే ఎక్కువమందికి సరిపోతుంది. మీట మీద అంకె కన్నా దీన్నే నమ్మండి, ఎందుకంటే జాలీలో దుమ్ము పేరుకుంటే అదే అంకె దగ్గర బరువు తగ్గిపోతుంది.

లాగేటప్పుడు కాళ్ళు, నడుము, చేతులు, ఈ వరసలో. వెనక్కి వచ్చేటప్పుడు చేతులు, నడుము, కాళ్ళు. హ్యాండిల్ మోకాళ్ళు దాటాకే మోకాళ్ళు మడవాలి. ముందే మడిచేస్తే హ్యాండిల్‌ని మోకాళ్ళ మీదుగా ఎత్తాల్సి వస్తుంది, అది కనిపిస్తే వరస తప్పినట్టే. నిమిషానికి 24 నుంచి 28 స్ట్రోక్‌లు చాలు, వేగం కాళ్ళతో తోయడం వల్ల రావాలి. హ్యాండిల్‌ని పిడికిలి బిగించి పట్టుకోవద్దు, వేళ్ళు కొక్కేల్లా తగిలించి వదిలేయండి, ఇంకాసేపట్లో ఆ వేళ్ళతోనే పని ఉంది. దిగాక నిలబడి మూడు నిండు శ్వాసలు తీసుకున్నాకే బెల్ ముట్టుకోండి.

ఒంటిచేతి స్వింగ్‌లో బెల్ మిమ్మల్ని ఒక పక్కకి తిప్పేయాలని చూస్తుంది, తిరగకుండా ఆపడమే ఇక్కడ అసలు వ్యాయామం. పొట్ట పక్క కండరాలు, పిరుదులు అందుకే అంత అలసిపోతాయి. బెల్‌ని అడుగు దూరంలో ముందు పెట్టి, తుంటి దగ్గర మడిచి, వీపు నిటారుగా ఉంచి పట్టుకోండి. బెల్ కాళ్ళ మధ్య నుంచి వెనక్కి వెళ్ళినప్పుడు మోకాళ్ళ కన్నా పైనే ఉండాలి, ముంజేయి తొడ లోపలి వైపు తగలాలి. ఆ క్షణంలో ఖాళీ చేతి వైపు భుజం చూసుకోండి, అది పైకి లేచి బెల్ వైపు భుజం కిందికి జారుతోందంటే ఒళ్ళు తిరుగుతున్నట్టే. రెండు భుజాలూ సమంగా ఉండాలి. ఖాళీ చేతిని కూడా బెల్‌తో పాటే ఊపితే అది సులువవుతుంది.

క్లీన్‌లో ముంజేతి మీద బెల్ ఠపీమని పడి కమిలిపోవడం అందరికీ తెలిసిన బాధ. మోచేతిని పక్కటెముకలకి దగ్గరగా ఉంచి, బెల్ నడుము దాటుతుండగా పట్టు వదులు చేసి, అరచేతిని హ్యాండిల్ లోపలికి దూర్చేయండి, అప్పుడు బెల్ చేతి చుట్టూ తిరిగి మెత్తగా ఆనుతుంది. ప్రెస్‌లో పిరుదులు బిగించి, నడుం వెనక్కి వంచకుండా, చేయి చెవి పక్కకి వచ్చేదాకా తోయాలి. లంజ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, వెనక మోకాలు నేలకి మెల్లగా తగిలితే చాలు. స్నాచ్ ఎందుకు పెట్టలేదంటే, ఆయాసంలో ఉన్నప్పుడు తల మీదికి బెల్ విసరడం నాకు ఇష్టం లేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో సంగిడి రాయి ఎత్తడం చూసినవాళ్ళకి తెలుసు, ఒంటిచేతి బరువుకి తొందర పనికిరాదు.

బరువుని ప్రెస్ నిర్ణయించాలి. అలుపు లేనప్పుడు ఒక్కో చేత్తో 8 ప్రెస్‌లు చేయగలిగిన బెల్ తీసుకోండి, మొదలుపెట్టే ఆడవాళ్ళకి అది చాలావరకు 8 కిలోలు, మగవాళ్ళకి 12 లేదా 16 అవుతుంది. స్వింగ్‌కి తేలిగ్గా అనిపించినా మార్చొద్దు.

కోస్తా ఉక్కపోతలో చేసేవాళ్ళు పొడి తువ్వాలు దగ్గర ఉంచుకుని రోయింగ్ హ్యాండిల్, అరచేతులు తుడుచుకోండి, జిమ్‌లో ఒప్పుకుంటే కొద్దిగా చాక్ (చెమట పీల్చే తెల్ల పొడి) రాసుకోండి. గ్లోవ్స్ నేను వద్దంటాను, గుడ్డ మడతలు పడి చర్మం ఇంకా ఒరుసుకుపోతుంది. అరచేతిలో కాయలు లేస్తే స్నానం అయ్యాక ప్యూమిస్ రాయితో రుద్ది చదును చేసుకోండి, లేకపోతే ఏదో ఒకరోజు స్వింగ్‌లో ఊడొస్తాయి.

మొదటి వారం 300 మీటర్లతో 3 రౌండ్లే చేయండి, వారానికి రెండుసార్లకు మించి వద్దు, మధ్యలో రెండు రోజులైనా ఉండాలి. వీపు గుండ్రంగా వంగిందా, బెల్ ఛాతీ ఎత్తుకి రావడం మానేసిందా, ఆ రౌండ్ అక్కడితో ఆపేయండి. 500 మీటర్లతో ఐదు రౌండ్లూ ఒకే టైంలో వస్తుంటే రెస్ట్‌ని 90 సెకన్లకు తగ్గించండి, అదీ అలవాటయ్యాకే బరువు మార్చాలి. 16 నుంచి నేరుగా 24కి దూకితే బరువు ఒకటిన్నర రెట్లు అయినట్టు, భుజం ఒప్పుకోదు. మధ్యలో 20 ఉంటే మంచిది. మీ జిమ్‌లో అది లేకపోతే స్వింగ్ మాత్రం 24తో చేసి, ప్రెస్‌కీ లంజ్‌కీ 16నే పట్టుకోండి.