గేమ్ పబ్లిక్ చాట్‌లో రోల్‌ప్లే వెన్యూల ప్రకటనల మోత: చూసేవాళ్లు ఎలా తగ్గించుకోవాలి, పెట్టేవాళ్లు ఎలా పెట్టాలి?

అమెరికా తూర్పు తీరంలో శుక్రవారం రాత్రి 8 గంటలంటే, వేసవిలో విశాఖపట్నంలో శనివారం ఉదయం 5:30. ఆ వేళకి ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్‌లో బాల్మంగ్ లాంటి రోల్‌ప్లే (పాత్రలో ఉండి నాటకంలా మాట్లాడుకునే ఆట) సర్వర్‌లోకి వెళ్లి, లిమ్సా లోమిన్సా నగరంలో ఈథరైట్ (ప్రయాణాలకు వాడే పెద్ద స్ఫటికం) దగ్గర నిలబడండి. చాట్ పెట్టె నిండా నక్షత్రాలు, గుండె గుర్తులు, "ఈ రాత్రి డీజే", "వార్డ్ ఇంత, ప్లాట్ ఇంత". స్నేహితుడు పెట్టిన మాట పైకి కొట్టుకుపోతుంది. హంట్ ట్రైన్ (గుంపుగా కలిసి పెద్ద రాక్షసుల్ని వరసగా వేటాడే యాత్ర) ఎక్కడ మొదలవుతుందో చెప్పిన లైనూ దాంతోపాటే పోతుంది.

చిరాకు సంగతి అలా ఉంచి, వాళ్లెందుకు అరుస్తారో ముందు చూద్దాం. వెన్యూ అంటే ఆటగాళ్లు గేమ్‌లో కొనుక్కున్న ఇంటిని బారుగానో, కెఫేగానో, నైట్ క్లబ్బుగానో అలంకరించి, వారంలో ఫలానా రోజు ఫలానా వేళకు తెరిచే చోటు. ఒక్కో సర్వర్‌లో 5 నివాస ప్రాంతాలు, ఒక్కో ప్రాంతంలో 30 వార్డులు, వార్డుకి 60 ప్లాట్లు. మొత్తం 9,000 ఇళ్లు. అపార్ట్‌మెంట్లు దీనికి అదనం. ఇన్నింటిలో ఒక ఇంట్లో టీ పార్టీ జరుగుతోందని దారిన పోయేవాడికి తెలిసే మార్గం లేదు. అందుకే జనం గుమిగూడే చోట షౌట్ కొడతారు. షౌట్ అనే చాట్ రకం ఆ జోన్ (మీరున్న నగరం లేదా ప్రాంతం) మొత్తానికి వినిపిస్తుంది. యెల్ కొంత దూరం వరకే, సే పక్కనున్నవాళ్లకే. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ తేడా మీదే నడుస్తాయి.

చూసేవాళ్లకు: ముందు ట్యాబ్, తర్వాతే మ్యూట్

చాలామంది చేసే మొదటి పని షౌట్‌ను పూర్తిగా ఆపేయడం. వారం తిరక్కుండానే మళ్లీ తెరుస్తారు, ఎందుకంటే హంట్ పిలుపులూ, ఫేట్‌కి (ఆరుబయట అందరూ కలిసి చేసే పోరాటం) మనుషులు కావాలన్న కేకలూ అందులోనే వస్తాయి. ఆపొద్దు, వేరే గదిలోకి మార్చండి.

1. సిస్టమ్ మెనూలో క్యారెక్టర్ కాన్ఫిగరేషన్ తెరిచి లాగ్ విండో (చాట్ పెట్టె) సెట్టింగ్స్‌కి వెళ్లండి. పీసీలోనూ ప్లేస్టేషన్‌లోనూ దారి ఇదే.
2. మీరు ఎప్పుడూ చూసే జనరల్ ట్యాబ్‌కి లాగ్ ఫిల్టర్లలో షౌట్, యెల్ రెండింటికీ టిక్ తీసేయండి. సే, పార్టీ, టెల్ (ఒకరికే పంపే మాట), ఫ్రీ కంపెనీ (ఆటగాళ్ల సంఘం), లింక్‌షెల్ (చాట్ బృందం) అలాగే ఉంచండి.
3. కొత్త ట్యాబ్ ఒకటి చేర్చి "ఊరు" అనో మరోటనో పేరు పెట్టండి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి, గేమ్‌లో తెలుగు లిపి కనిపించదు. ఈ ట్యాబ్‌లో షౌట్, యెల్ మాత్రమే టిక్ చేయండి.
4. పీసీలో ఆడేవాళ్లు ఆ ట్యాబ్‌ను లాగి విడి కిటికీగా పెట్టుకోవచ్చు. స్క్రీన్ మూలన చిన్నగా ఉంచితే హంట్ పిలుపు కంటి చివర పడుతుంది.
5. ఒకే ట్యాబ్ చాలనుకుంటే టెక్స్ట్ రంగుల్లో షౌట్‌ను బూడిద రంగుకి మార్చండి. లైన్లు వస్తూనే ఉంటాయి, కన్ను మాత్రం వాటి మీద ఆగదు. చిన్న మానిటర్‌కి ఇదే మేలు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: రెండో మెట్టు చేసి మూడోది మరిచిపోవడం. రెండ్రోజుల తర్వాత "చాట్ పాడైంది, ఎవరూ మాట్లాడట్లేదు" అనుకుంటారు.

చాలామందికి ట్యాబ్‌తోనే పని అయిపోతుంది. అయినా ఒకే మనిషి పది నిమిషాలకోసారి అదే లైన్ కొడుతుంటే, 2024 జులైలో డాన్‌ట్రెయిల్ అనే విస్తరణతో వచ్చిన 7.0 ప్యాచ్‌లోని పనిముట్లు ఉన్నాయి. అంతకుముందు బ్లాక్‌లిస్ట్ ఒక్కటే దిక్కు. ఇప్పుడు మ్యూట్ లిస్ట్, టర్మ్ ఫిల్టర్ (ఫలానా మాట ఉన్న లైన్లను దాచేది) కూడా చేరాయి. మ్యూట్ చేస్తే ఆ మనిషి మాటలు మాత్రమే కనబడవు. బ్లాక్‌లిస్ట్ అలా కాదు, ఆ ఖాతాలోని మిగతా పాత్రలకూ వర్తిస్తుంది. టీ పార్టీ ప్రకటనకి బ్లాక్‌లిస్ట్ ఎక్కువే. దాన్ని వెంటపడి వేధించేవాళ్ల కోసం దాచుకోండి.

మ్యూట్‌కి ఓ లోపముంది. వెన్యూల్లో ప్రకటన పని సిబ్బంది వంతులవారీగా చేస్తారు. ఒకర్ని మ్యూట్ చేస్తే గంట తర్వాత అదే ప్రకటన మరో పేరుతో వస్తుంది. అప్పుడు టర్మ్ ఫిల్టర్‌లో వెన్యూ పేరునే పెట్టండి. "వార్డ్" అన్న మాటను పెడితే అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి కదా అనిపిస్తుంది. పెట్టే ముందు ఆలోచించండి. ఇంటి చిరునామా పంపే స్నేహితుడూ అదే మాట వాడతాడు. పైగా మాటలో ముక్క కలిసినా పట్టేసే ఫిల్టర్ అయితే "రివార్డ్" ఉన్న లైన్లన్నీ మాయమవుతాయి. ఫిల్టర్ పెట్టాక ఫ్రీ కంపెనీలో ఎవరిచేతనైనా "రివార్డ్" అని ఇంగ్లిష్‌లో రాయించి చూడండి, అర నిమిషం పని. కొన్ని ప్రకటనల్లో అక్షరాల బదులు గేమ్‌లోని గడుల అక్షరాలు, బొమ్మ గుర్తులు వాడతారు. మామూలు అక్షరాలతో పెట్టిన ఫిల్టర్‌కి అవి దొరకవు, వాటికి మ్యూటే మందు.

ప్రకటనల్ని ఏరిపారేసే బయటి ప్లగిన్‌లు పీసీలో దొరుకుతాయి. బాగానే పనిచేస్తాయి కూడా. కానీ గేమ్ తయారుచేసిన స్క్వేర్ ఎనిక్స్ నిబంధనలు బయటి టూల్స్‌ను ఒప్పుకోవు, ఖాతా మీద చర్య పడే ప్రమాదం మీది. చాట్ శుభ్రంగా ఉండడం కోసం ఖాతాను పణంగా పెట్టడం మంచి బేరం కాదు.

ఇవేవీ వద్దనుకుంటే చోటు మార్చండి. షౌట్ జోన్ దాటదు. మార్కెట్ బోర్డు (కొనడం, అమ్మడం), రిటైనర్ (మీ సరుకులు చూసుకునే సేవకుడు) పనులు అయ్యాక లిమ్సాలోనే నిలబడి ఉండాల్సిన అవసరం ఎవరికీ లేదు. సత్రం గదిలో కూర్చుని క్రాఫ్టింగ్ చేసుకుంటే ఏ కేకా చెవిన పడదు.

రిపోర్ట్ విషయంలో గీత ఎక్కడుందో తెలుసుకోండి. నిజం డబ్బుకి గిల్ (గేమ్ డబ్బు) అమ్ముతామనే లైన్లు వేరు, వెన్యూ ప్రకటన వేరు. మొదటిది కనిపిస్తే పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆర్ఎమ్‌టీ (నిజం డబ్బుతో బేరం) రిపోర్ట్ కొట్టండి. రెండోదానికి ఆ బటన్ నొక్కడం తప్పుడు ఫిర్యాదు. వద్దన్నా మీకు టెల్‌లో పదేపదే ఆహ్వానాలు పంపేవాళ్ల మీద మాత్రం సపోర్ట్ డెస్క్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

పెట్టేవాళ్లకు: ఒక్క లైన్, రెండుసార్లు

విశాఖ కుర్రాళ్లు నలుగురు కలిసి బిస్మార్క్ సర్వర్‌లోని మిస్ట్ అనే నివాస ప్రాంతంలో ఇల్లు కొని "రుషికొండ టీ కొట్టు" తెరిచారనుకుందాం. మిస్ట్ సముద్రం ఒడ్డున ఉంటుంది, పేరు అతుకుతుంది. వాళ్ల మొదటి ప్రకటన ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు: మూడు లైన్ల గుర్తులు, "అలసిన సాహసికులారా, మీ కత్తులు దింపండి" అంటూ కవిత్వం, చివర్లో ఎక్కడో చిరునామా. చదివేవాడు మొదటి లైన్ దగ్గరే వదిలేస్తాడు. ఆర్టీసీ కాంప్లెక్స్ బయట ఆటో డ్రైవర్ "గాజువాక, గాజువాక" అంటాడు తప్ప సీటు మెత్తగా ఉంటుందని మొదలుపెట్టడు. మీ ప్రకటనలోనూ చిరునామా ముందుండాలి (గేమ్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి):

"బిస్మార్క్, మిస్ట్, వార్డ్ 12, ప్లాట్ 34. ఇప్పట్నుంచి 14:00 సర్వర్ టైమ్ దాకా. రుషికొండ టీ కొట్టు: కబుర్ల రోల్‌ప్లే, కొత్తవాళ్లూ రావచ్చు."

ఇంతే. చోటు, వేళ, పేరు, అక్కడ ఏం జరుగుతుంది, ఎవరు రావచ్చు. పెద్దలకు మాత్రమే అయితే 18+ అని ఉండాలి, కానీ ఆ వివరాలు షౌట్‌లోకి రాకూడదు. ఆ జోన్‌లో పిల్లలూ ఆడుతుంటారు.

ఎక్కువగా చెడేది వేళ దగ్గరే. గేమ్‌లో సర్వర్ టైమ్ అంటే యూటీసీ. మన టైమ్‌లోంచి 5 గంటల 30 నిమిషాలు తీసేయాలి. ప్రకటనల్లో "ఎస్‌టీ" అని పొడి అక్షరాలు పెడితే కొందరు అమెరికా "ఈఎస్‌టీ" అనుకుంటారు, 5 గంటల తేడా వచ్చేస్తుంది. బిస్మార్క్ ఉన్న మెటీరియా డేటా సెంటర్‌లో (ఆస్ట్రేలియా వైపు ఆటగాళ్ల సర్వర్ల గుంపు) వెన్యూ తెరిస్తే మన రాత్రి 8:30 పనికిరాదు, సిడ్నీలో అప్పుడు అర్ధరాత్రి దాటి 1 గంట. ఆదివారం సాయంత్రం 4:30కి తెరవండి. సర్వర్ టైమ్ 11:00, సిడ్నీలో రాత్రి 9. అక్టోబర్ నుంచి ఏప్రిల్ మొదలు దాకా సిడ్నీ గడియారం గంట ముందుకి జరుగుతుంది, అప్పుడు 3:30కే తెరవాలి. డిస్కార్డ్‌లో పెట్టే ప్రకటనకైతే టైమ్‌స్టాంప్ కోడ్ వాడండి, చదివేవాళ్లకి వాళ్ల ఊరి టైమే కనిపిస్తుంది.

మూడు గంటల కార్యక్రమానికి తెరిచినప్పుడొక షౌట్, సగంలో ఒకటి చాలు. మధ్యలో అవసరమనిపిస్తే యెల్ వాడండి. మాక్రోలో (ఒక్క నొక్కుతో వరసగా నడిచే కమాండ్ల జాబితా) 15 లైన్లు పడతాయి, లైన్ల మధ్య ఒక్కో వెయిట్ 60 సెకన్ల దాకా ఇవ్వొచ్చు. అంతమాత్రాన నిమిషానికొకటి కొట్టే యంత్రంగా దాన్ని మార్చొద్దు. మ్యూట్ లిస్టుల్లోకి ముందు ఎక్కేది అలాంటివాళ్లే, ఒకసారి ఎక్కితే ఆ మనిషి తర్వాత ఎంత మర్యాదగా పెట్టినా చేరదు. కొట్టేముందు చాట్‌ను ఒక్క నిమిషం చదవండి. హంట్ ట్రైన్ నడుస్తున్నా, ఇంకో వెన్యూ ఇప్పుడే పెట్టినా కాసేపు ఆగండి. నోవిస్ నెట్‌వర్క్‌లో అసలు పెట్టొద్దు, అది కొత్తవాళ్లు సందేహాలు అడిగే చోటు.

షౌట్ కొట్టేముందే ఇంటి తలుపు అతిథులకి తెరిచి ఉందో లేదో వేరే పాత్రతో చూసుకోండి. ప్రకటన చదివి వచ్చినవాడు తాళం చూసి వెళ్తే మళ్లీ రాడు. ఇల్లు ఎలాంటిదో చెప్పే ఎస్టేట్ ట్యాగ్‌ల్లో కెఫే, టావెర్న్ లాంటివి ఉన్నాయి, మీకు తగ్గవి పెట్టండి. ఉచిత ట్రయల్ ఖాతాతో షౌట్, యెల్ చేయలేరు. కాబట్టి ఆ పని పూర్తి ఖాతా ఉన్నవాళ్లకే అప్పగించాలి.

వేరే గేముల్లో

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో పని తేలిక. అమ్మకాల చాట్ అయిన ట్రేడ్ చానెల్ నంబర్ సాధారణంగా 2, చాట్‌లో స్లాష్ లీవ్ 2 అని కొడితే బయటికొచ్చేస్తారు. కావాలంటే మళ్లీ చేరొచ్చు.

ఫైవ్‌ఎమ్‌లో (జీటీఏ 5ని సొంత సర్వర్లలో ఆడించే మోడ్) నడిచే జీటీఏ రోల్‌ప్లే సర్వర్లలో ఏ సర్వర్ రూల్స్ దానివే. చాలాచోట్ల ప్రకటనకి విడిగా కమాండ్ ఉంటుంది, గేమ్ డబ్బు కోసుకుంటుంది, రెండు ప్రకటనల మధ్య ఇంత సమయమని హద్దు పెడుతుంది. అది వదిలేసి ఓఓసీ (పాత్రలోంచి బయటికొచ్చి మాట్లాడే) చాట్‌లో కార్ షోరూమ్, క్లబ్బు ప్రకటనలు పెడితే అడ్మిన్ హెచ్చరిస్తాడు. సర్వర్‌ని మీరే నడుపుతుంటే, ప్రకటన రుసుమును పెంచడం కంటే మధ్య విరామాన్ని పెంచండి. రుసుము పెంచితే డబ్బున్న గ్యాంగుల ప్రకటనలే మిగులుతాయి, కొత్తగా టీ కొట్టు పెట్టినవాడి లైన్ ఎవరికీ కనిపించదు.